సర్పంచ్‌కి మునసబు కుర్చీ వచ్చింది, కరణం కలం రాలేదు: ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: మీది గుంటూరు వైపు పల్లె, మీ అత్తగారి ఊరు నల్గొండ వైపు. రెండు ఊళ్ళ చరిత్రా చిన్న పుస్తకంగా వేద్దామని పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, గోడమీద సర్పంచుల పేర్ల బోర్డు చూపించి "ఇంతకుమించి మా దగ్గర లేదండీ" అన్నారు. పంచాయతీ లేనప్పుడు ఊరిని ఎవరు నడిపారు, కరణం, మునసబు, పటేలు, పట్వారీ అంటే ఎవరెవరు, పాత కాగితాలు ఎక్కడుంటాయి అన్నది మీ సందేహం.

పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉమ్మడి రాష్ట్రంలో రెండు వైపులా పంచాయతీల తనిఖీ చేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ ఆఫీసువాళ్ళు మీకు అబద్ధం చెప్పలేదు. పంచాయతీ ఆఫీసులో ఊరి చరిత్ర ఉండదు, ఎందుకంటే మధ్యలో ఒక కొద్ది సంవత్సరాలు తప్ప ఊరి భూమి లెక్క పంచాయతీ చేతికి రాలేదు. ఇంటి పన్ను, వీధి దీపం, మంచినీళ్ళ కుళాయి, మురుక్కాలవ, జనన మరణాలు, ఇవీ పంచాయతీవి. పొలం ఎవరిది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరి పొలిమేర ఎక్కడిదాకా అన్నవన్నీ రెవెన్యూవాళ్ళవి. పాతరోజుల్లో మునసబుకుండే పెద్దరికం సర్పంచ్‌కి వచ్చింది గానీ, కరణం చేతిలో ఉండే కలం ఆయనకు రాలేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కాగితాలు ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

ముందు "ఊరు" అంటే ఏమిటో తేల్చుకోండి. ప్రభుత్వం దృష్టిలో మీ ఊరు ఒకటి కాదు, మూడు. సర్వే నంబర్లతో, పొలిమేరలతో ఉండేది రెవెన్యూ గ్రామం. ఓట్లు వేసి సర్పంచ్‌ని ఎన్నుకునేది గ్రామ పంచాయతీ. మనుషులు కాపురముండేది ఆవాసం, అంటే శివారు పల్లె, పాలెం, కాలనీ, తండా. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండొచ్చు. ఒక పంచాయతీలో రెండు రెవెన్యూ గ్రామాల ముక్కలూ ఉండొచ్చు. తెలంగాణ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామమని కనిపిస్తే, సర్వే నంబర్లుండి, పేరుండి, దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేని ఊరని అర్థం. కరువుకో కలరాకో జనం లేచిపోయినా రెవెన్యూ లెక్కలో ఊరు చావదు. మీ అత్తగారి ఊరి చుట్టుపక్కల అలాంటిది ఏదైనా ఉందేమో పెద్దవాళ్ళని అడగండి. ఇప్పుడున్న ఊళ్ళో కొన్ని ఇంటిపేర్లవాళ్ళు అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే అయ్యుండొచ్చు.

ఇక పాత పాలన. మీ గుంటూరు వైపు ఊరికి ఇద్దరు ముఖ్యులు: మునసబు, కరణం. శిస్తు వసూలు, చిన్నాచితకా తగాదాల తీర్పు, ఊరి పోలీసు పని మునసబుది. లెక్కలన్నీ కరణానివి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారు, ఎవరు సాగులో ఉన్నారు, ఎంత పండింది, ఎంత శిస్తు పడుతుంది, అంతా అడంగల్‌లోకి ఎక్కించేది ఆయనే. వీళ్ళ కింద తలారి, వెట్టి, చెరువు తూము దగ్గర నీళ్ళు పంచే నీరుగంటి. వీళ్ళకి మొదట్లో జీతాలు లేవు. కొందరికి మాన్యం భూములు, కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు రైతులిచ్చే మేర గింజలు, అంతే. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, పురోహితుడు, వీళ్ళందరికీ అదే కళ్ళంలో వాటా ఉండేది. విజయనగర రాజుల కాలంలో ఆయగార్లు అన్నది ఈ బృందాన్నే.

ఏటా జమాబందీ జరిగేది. కలెక్టరుగానీ డివిజన్ అధికారిగానీ తాలూకాలో క్యాంపు వేస్తే, కరణాలందరూ లెక్కల కట్టలు మూటగట్టుకుని బళ్ళమీద వచ్చేవారు. ఒక్కో ఊరి అడంగల్ తీసి, శిస్తు మాఫీ ఎందుకడిగారు, పోరంబోకులో ఎవడు దున్నాడు, నీళ్ళు ఏ తూము నుంచి పారాయి అని ఒక్కొక్కటే నిలదీసి అడిగి, కింద ఎర్ర సిరాతో రాసేవారు. జమాబందీ ముందు రోజులు కరణం ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదని పాతకాలపు కరణాల పిల్లలు ఇప్పటికీ చెబుతారు. ఊళ్ళో ఎంత పెద్ద రైతైనా ఆ రోజుల్లో కరణానికి ఎదురు మాట్లాడేవాడు కాదు. సరిహద్దు గట్టు ఇటా అటా అన్నది ఆయన కలంలోనే ఉండేది మరి.

నల్గొండ వైపు ఇదే పని ముగ్గురు చేసేవారు. శిస్తు వసూలు మాలీ పటేలుది, శాంతిభద్రతలు పోలీసు పటేలువి, లెక్కలు పట్వారీవి. ఈ ఉద్యోగాలు వతన్లు, అంటే వంశపారంపర్య హక్కులు. కింద మస్కూరి, నీరడి, సేత్‌సింధి అనే ఊరి సేవకులు ఉండేవారు. పైన మీ గుంటూరులో లేని ఒక బరువుంది: దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు. నిజాం రాజ్యంలో ఊరు దివానీ కింద, అంటే నేరుగా ప్రభుత్వం కింద ఉందా, జాగీరు కింద ఉందా, నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫేఖాస్ కింద ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. దాన్నిబట్టే రికార్డులు ఎంత సరిగ్గా ఉంటాయో తేలుతుంది. జాగీరు ఊళ్ళకి 1949లో జాగీర్ల రద్దు తర్వాతే సరైన లెక్కలు వచ్చాయి. వెట్టిచాకిరి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం, ఆ తర్వాత సాయుధ పోరాటం, పల్లెల్లో సంఘం కమిటీలు దొరల భూములు పంచడం, ఇవన్నీ మీ అత్తగారి వైపు ప్రతి ఊరికీ ఏదో ఒక రూపంలో తగిలే ఉంటాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం కింద వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిందీ ఆ నల్గొండ జిల్లాలోనే. కాబట్టి అక్కడ పంచాయతీ చరిత్ర రాసేటప్పుడు 1956 హైదరాబాదు గ్రామ పంచాయతీల చట్టం నుంచి మొదలుపెడితే అసలు కథ వదిలేసినట్టే. పంచాయతీ పేరు లేకుండా ఊరిని నడిపిన కమిటీలు అంతకు ముందే ఉన్నాయి. వాటికి రికార్డు లేదు, జ్ఞాపకమే. ఆ తరం దాదాపు పోయింది, వాళ్ళ పిల్లలైనా ఉన్నప్పుడే అడగండి.

కరణం మునసబులు అనాదిగా అలాగే ఉన్నారని చాలామంది అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. ఊరి లెక్క రాసేవాడు, ఊరి పెద్ద పాతవాళ్ళే. కానీ వాళ్ళని సర్కారు ఉద్యోగులుగా మార్చింది కుంఫిణీవాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీ. థామస్ మన్రో పట్టుబట్టడంతో 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ మునసబుకు చిన్న దావాలు విచారించే అధికారమిచ్చింది. గ్రామ పంచాయతీ అనే పేరుతో తగవులు తీర్చే ఏర్పాటూ అదే ఏడు చట్టంలోకి వచ్చింది గానీ జనం దాన్ని పెద్దగా వాడుకోలేదు. తర్వాత 1860లలో ఇనాం కమిషన్ వచ్చి మాన్యాలన్నీ లెక్కగట్టింది. 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాలకు ప్రత్యేకంగా చట్టం వచ్చింది. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు మైనరైతే గుమాస్తా, ఇదీ పద్ధతి. గుంటూరు జిల్లాలోని ఒక మునసబు ఉద్యోగం మీద నడిచిన కేసులోనే 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు, వంశాన్ని చూసి ఉద్యోగమివ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని తేల్చింది. మీ జిల్లా చరిత్రలో ఇంత ముఖ్యమైన తీర్పుంటే ఊరి పుస్తకాల్లో ఎవరూ రాయరు, ఎందుకో తెలియదు.

సర్కారు ఎంతగా వీళ్ళమీద ఆధారపడిందో తెలియాలంటే 1921-22 పెదనందిపాడు పన్నుల నిరాకరణ చూడాలి. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన ఆ ఉద్యమంలో రైతులు శిస్తు కట్టకపోవడం ఒక ఎత్తు, ఊళ్ళకు ఊళ్ళు కరణాలు, మునసబులు రాజీనామాలివ్వడం ఒక ఎత్తు. లెక్క రాసేవాడు, వసూలు చేసేవాడు లేకపోతే కలెక్టరుకు ఊరు కనిపించదు. మీ ఊరు ఆ ఫిర్కా (తాలూకాలో కొన్ని ఊళ్ళ గుంపు) చుట్టుపక్కలదైతే, ఆ రోజుల్లో మీ కరణం రాజీనామా చేశాడా లేదా అన్నది తప్పక విచారించండి.

అదే కాలంలో చీరాల-పేరాల పోరాటం. అది పంచాయతీ చరిత్రలోకి నేరుగా వస్తుంది. 1882లో రిప్పన్ స్థానిక పాలన తీర్మానం, దాని వెనక 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టం. ఈ చట్టంతోనే పెద్ద ఊళ్ళకి యూనియన్ పంచాయతీలు వచ్చాయి. చీరాల అలాంటి యూనియనే. దాన్ని 1919లో మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచేసరికి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్ళు వదిలి ఊరిబయట రామనగర్ కట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఈ రోజుల్లో పంచాయతీని మున్సిపాలిటీలో కలుపుతామంటే పల్లెలవాళ్ళు ఎందుకు ధర్నా చేస్తారో అర్థం కావాలంటే ఈ కథ చాలు. ఇంటి పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. నూరేళ్ళ కిందటా ఇప్పుడూ లెక్క ఒకటే.

మీ ఊరికి పంచాయతీ ఎప్పుడొచ్చింది? 1920 గ్రామ పంచాయతీల చట్టం కింద కొన్ని ఊళ్ళకి వచ్చింది. ఎక్కువ ఊళ్ళకి వచ్చింది 1950 మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం తర్వాతే. కోస్తాలో ఇప్పటికీ సర్పంచ్‌ని "ప్రెసిడెంటు గారు" అంటారు చూడండి, అది ఆ చట్టంనాటి అలవాటే. ఖచ్చితమైన తేదీ కావాలంటే జిల్లా గెజిట్ నోటిఫికేషన్ చూడాలి. బోర్డు మీద మొదటి పేరు పక్కనున్న సంవత్సరాన్ని నమ్మకండి. చాలాచోట్ల ఆ బోర్డును ఎవరికో గుర్తున్నది చెప్తే రాయించారు.

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలు, అదే ఏడాది మన దగ్గర సమితులు, జిల్లా పరిషత్తులు. జిల్లా బోర్డు స్కూళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళయింది అప్పుడే. 1964లో ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ ఒకే గ్రామ పంచాయతీల చట్టం. ఆ చట్టం కింద వార్డు మెంబర్లే సర్పంచ్‌ని ఎన్నుకునేవారు. అందుకే మెంబర్లను తీసుకెళ్ళి ఎన్నికలదాకా ఎక్కడో దాచిపెట్టడం లాంటి కథలు ఆ కాలంవే. 1978లో చట్టం సవరించి ఓటర్లే నేరుగా ఎన్నుకునేలా చేశారు. 1970 తర్వాత ఎన్నికలు మళ్ళీ 1981లోనే జరిగాయి. మీ బోర్డు మీద ఒకే పేరు పదేళ్ళకు మించి కనిపిస్తే దానికి కారణం ఇదే, ఆయన గొప్పతనమే కానక్కర్లేదు.

ఇక 1984. జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కరణం, మునసబు, పటేల్, పట్వారీ ఉద్యోగాలన్నీ ఒక్క దెబ్బతో రద్దుచేసింది. వాళ్ళు సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు, 1985లో ఓడిపోయారు. ఊళ్ళలో దీన్ని పండగలా చేసుకున్నవాళ్ళున్నారు, ముఖ్యంగా తెలంగాణలో. పట్వారీ పేరు చెప్తే భయపడే తరం అది. కానీ ఆ ఉద్యోగాలతోపాటు ఇంకొకటీ పోయింది. కరణాల దగ్గరున్న పెట్టెల్లోని పాత లెక్కలు కొన్ని తాలూకా ఆఫీసుకు చేరాయి, కొన్ని చేరలేదు. అటకమీద చెదలు పట్టినవి, తర్వాత తూకానికి అమ్మినవి ఎన్నో. మీ ఊరి కరణం గారి వారసులు ఎక్కడున్నారో కనుక్కుని వెళ్ళండి. "మా తాతగారు దొంగలెక్కలు రాశారని రాయడానికి వచ్చారా" అని మొదట అనుమానంగా చూస్తారు. మర్యాదగా, నిదానంగా అడిగితే పెట్టె తెరుస్తారు.

కరణాన్ని తీసేశాక ఆ కలం ఎవరికివ్వాలన్నది నలభై ఏళ్ళుగా తేలలేదు. గ్రామ సహాయకులన్నారు, 1990లో గ్రామ పరిపాలనాధికారులన్నారు, 2002లో ఆ పనిని పంచాయతీ కార్యదర్శితో కలిపారు, 2007లో మళ్ళీ విడదీసి వీఆర్వో అన్నారు. తెలంగాణ 2020లో వీఆర్వో పోస్టే ఎత్తేసింది. నా అభిప్రాయం అడిగితే, కార్యదర్శి చేతిలో భూమి లెక్క కూడా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లోనే పంచాయతీ ఆఫీసుకు నిజంగా జనం వచ్చారు. పాసుపుస్తకం కోసం వచ్చినవాడు పనిలోపనిగా గ్రామసభ ఎప్పుడని కూడా అడిగేవాడు. తర్వాత రెవెన్యూ వేరయ్యింది, జనం మండలాఫీసు మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆ ఏర్పాటులో కార్యదర్శులు పనిభారంతో నలిగిపోయారన్నదీ నిజమే, కాదనను.

మండలాలు 1985లో వచ్చాయి. తాలూకాలు, ఫిర్కాలు పోయి వెయ్యికి పైగా మండలాలయ్యాయి. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మన 1994 పంచాయతీరాజ్ చట్టం, 1995లో ఎన్నికలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్లు అప్పటి నుంచి గట్టిపడ్డాయి. 2011లో మహిళలకు సగం చేశారు. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాసిపెట్టారు గానీ వ్యవసాయం, చిన్న నీటిపారుదల, వైద్యం అన్నీ ఆయా శాఖల చేతిలోనే ఉన్నాయి. చెరువులకైతే 1997లో సాగునీటి సంఘాలని వేరే చట్టమే చేశారు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాలు వచ్చినప్పుడూ అంతే. పంచాయతీ ఆఫీసు పక్కనే, ఒక్కోసారి అదే భవనంలో, ఇంతమంది ఉద్యోగులు వచ్చి కూర్చున్నారు, వాళ్ళలో ఎక్కువమంది జవాబు చెప్పుకునేది సర్పంచ్‌కి కాదు, పైనున్న శాఖకి. తెలంగాణ 2018 చట్టం తండాలకూ గూడేలకూ సొంత పంచాయతీలిచ్చి, నాలుగు వేలకు పైగా కొత్తవి ఏర్పాటు చేసింది. అది మంచిపని. అదే చట్టం సర్పంచ్‌ని సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టరు చేతిలో గట్టిగా పెట్టింది. రెండూ కలిపి చూడాలి.

డబ్బు సంగతి చెప్పకపోతే సర్పంచ్ బాధ అర్థం కాదు. పంచాయతీకి సొంత రాబడి ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత వేలం, చేపల చెరువు వేలం, బందెలదొడ్డి రుసుం, సరుకు తూకం మీద కొలగారం, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌ఛార్జిలో వాటా, ఇసుక, కంకర తవ్వకాల మీద వచ్చే సీనరేజి రుసుంలో వాటా. రోడ్డు పక్కనున్న పంచాయతీకి ఇది బాగానే వస్తుంది. మెట్ట పల్లెకి వీధి దీపాల కరెంటు బిల్లుకే చాలదు. మిగతాదంతా ఆర్థిక సంఘం నిధులే. 14వ ఆర్థిక సంఘం పల్లెల డబ్బు నేరుగా గ్రామ పంచాయతీకే ఇమ్మంది, 15వది మండలానికీ జిల్లాకూ వాటా పెట్టింది. ఆ నిధుల్ని కరెంటు బకాయిల కింద ప్రభుత్వం సర్దేసుకున్నప్పుడు ఆంధ్ర సర్పంచులు రోడ్డెక్కడం మీరు పేపర్లో చదివే ఉంటారు.

ఇప్పుడు మీకు కావలసిన కాగితాలు. మొదట ఒక హెచ్చరిక: గుంటూరు జిల్లా ఎప్పుడూ గుంటూరు జిల్లా కాదు. 1859లో దాన్ని రద్దుచేసి కృష్ణా, గోదావరి జిల్లాల్లో కలిపారు. 1904లో మళ్ళీ ఏర్పాటు చేశారు. కాబట్టి ఆ మధ్యకాలం కాగితాలు మీరు కృష్ణా జిల్లా పేరు మీద వెతకాలి. ఒంగోలు వైపుదైతే అప్పట్లో నెల్లూరు జిల్లా. 1970లో ప్రకాశం, 2022లో పల్నాడు, బాపట్ల వచ్చాయి. ఊరి పేరుతోపాటు పాత తాలూకా పేరు రాసుకుని వెళ్ళకపోతే రికార్డు రూములో ఎవరూ సాయం చేయలేరు.

అన్నిటికన్నా నేను ముందు చూడమనేది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1860ల నాటిది, కలెక్టరేట్ రికార్డు రూములో ఉంటుంది. పొడవాటి పట్టిక, పేజీకి కొన్నే వరసలు. ఒక్కో మాన్యానికి ఒక్కో వరస: విస్తీర్ణం, ఎందుకోసమిచ్చారు, ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు, ఆయన వయసు, మొదటివాడికి ఏమవుతాడు. చివర్న కమిషనర్ ఉత్తర్వు, టైటిల్ డీడ్ నంబరు. ఆ ఒక్క పేజీలో గుడి పూజారి, మసీదు ముజావరు, ఊరి మంగలి, భజంత్రీలు, చెరువు తవ్వించినవాడికిచ్చిన దశబంధం మాన్యం, అన్నీ వరసగా కనిపిస్తాయి. దాత పేరు కింద ఫలానా జమీందారు అనో, నవాబు అనో, తెలియదు అనో ఉంటుంది. "తెలియదు" అన్నది కూడా సమాచారమే, అంత పాతదన్నమాట. మీ గుంటూరులో జమీందారీలు చాలావరకు 1840లలోనే సర్కారు చేతికి వెళ్ళిపోయాయి కాబట్టి వాసిరెడ్డి, మానూరి, మల్రాజు వంశాల దానాలు ఈ రిజిస్టర్‌లోనే బతికున్నాయి.

తర్వాత రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్. ఆర్‌ఎస్‌ఆర్ అనీ, ఇంగ్లీషు తెలుగు రెండూ ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అనీ అంటారు. సర్వే నంబరువారీగా భూమి తరం (సారాన్నిబట్టి వేసిన తరగతి), పట్టాదారు పేరు, చెరువు, డొంక, శ్మశానం, గ్రామకంఠం అన్నీ ఉంటాయి. దీనితోపాటు గ్రామ పటం తీసుకోండి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టందాకా జమీందారీలో ఉన్న ఊరైతే, ఆర్‌ఎస్‌ఆర్‌కు బదులు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ ఉంటుంది. 2020 చివర్లో మొదలైన రీసర్వే మీ ఊళ్ళో అయిపోయి ఉంటే నంబర్లన్నీ మారి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి. పాత నంబరు కొత్త నంబరు పక్కపక్కన రాసుకోకపోతే తికమకపడతారు.

పాత లెక్కల్లో సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. గుంటూరు వైపు జులై నుంచి జూన్ దాకా ఒక ఫసలీ. 590 కలిపితే ఆ ఏడు జులై వస్తుంది. ఫసలీ 1358 అంటే 1948 జులై నుంచి 1949 జూన్ దాకా. నిజాం కాగితాల్లో ఆజూర్, దై, బహమన్ అని ఫారసీ నెలలు కూడా కనిపిస్తాయి, కంగారు పడకండి.

నల్గొండ ఊరికి సేత్వార్ (సర్వే నంబరువారీ మొదటి భూమి లెక్క), టిప్పన్ (పొలం కొలతల చిత్తు), గ్రామ నక్షా (పటం) ముందు. తర్వాత 1954-55 ఖాస్రా పహణీ. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా దాని దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ ఏడాది ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తులో (సాగులో) ఉన్నారు అన్నది విడివిడిగా ఉంటుంది కాబట్టి, దొర పేరు మీద ఎంత, కౌలుదారు చేతిలో ఎంత అన్నది లెక్కవేయొచ్చు. సాయుధ పోరాటం ముగిసిన మూడు నాలుగేళ్ళకి ఊరి పరిస్థితి అది. పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదవగల రిటైర్డ్ ఉద్యోగి ఎవరినైనా వెంటబెట్టుకోండి. నిజాం కాలపు పై స్థాయి రికార్డులు హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులో.

అంతకు వెనక్కి వెళ్ళాలంటే కైఫీయత్తులు, అంటే ఊళ్ళ స్థానిక చరిత్రలు. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు 1800 తర్వాత ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెలు (పాత లెక్కల పుస్తకాలు) చూసి రాయించుకున్నవి ఇవి. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు తీయించి కాపాడాడు. కడప వాటిని అక్కడి బ్రౌన్ కేంద్రం అచ్చువేసింది, గుంటూరువీ కొన్ని అచ్చయ్యాయి. మీ ఊరిది ఉంటే అదృష్టం. కానీ చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, చెప్పింది కరణం. మొదట జనమేజయుడు అగ్రహారమిచ్చాడని, తర్వాత గజపతులని, గోపరాజు రామన్న కరణీకాలు పంచిపెట్టాడని, 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టాడని, ఆపైన మొగలాయి, చివరికి కుంఫిణీ అని వరసగా ఉంటుంది. కరణీకం మా వంశానిదే అని గట్టిపరచుకోవడానికి చెప్పిన మాటలు అందులో ఎక్కువ. ఎంత పన్ను, ఎన్ని చెరువులు, ఏ దేవుడికి ఎన్ని కుచ్చెళ్ళ (పాత భూమి కొలత) మాన్యం అన్నచోట మాత్రం నమ్మొచ్చు.

గుడిలోనో చెరువు గట్టునో శాసనం ఉంటే దాన్ని మీరే చదవడానికి ప్రయత్నించకుండా, ముందు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో చూడండి. పదో సంపుటం పూర్తిగా తెలుగు శాసనాలే. శాసనం ఎంత వివరంగా ఉండొచ్చో చెప్పడానికి కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుది చూడండి. 1369 నాటిది. చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాసి, రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టిందని చెక్కించారు. ఇప్పటి పనుల బోర్డులు అందులో సగం కూడా చెప్పవు.

పంచాయతీ ఆఫీసులో ఏమీ లేదన్నారు గానీ, తీర్మానాల పుస్తకాలు అడగలేదనుకుంటా. మినిట్స్ బుక్ అనండి, అర్థమవుతుంది. తనిఖీలో నేను ముందు తెరిచేది అదే. అరవైల నాటి పుస్తకంలో బందెలదొడ్డి వేలం ఎవరు పాడారు, మాలపల్లెకు బావి ఎక్కడ తవ్వాలన్న దానిమీద ఎన్నిసార్లు వాయిదా వేశారు, మొదటి వీధి దీపం ఎవరింటి ముందు పెట్టారు అన్నీ ఉంటాయి. ఊరి కులాల అమరిక, రాజకీయం అక్కడే కనిపిస్తుంది. సంతకాలు గమనించండి. మహిళా మెంబరు పేరు ఎదుట వేలిముద్ర వరసగా పడుతూ వచ్చి, ఏదో ఒక ఏడాది నుంచి సంతకమైతే ఆవిణ్ణి కలవండి, ఆవిడ లేకపోతే ఇంట్లోవాళ్ళనైనా. అదే చేతిరాతతో భర్త సంతకం కూడా పక్క పేజీలో ఉంటే అదీ చూడాల్సిందే.

బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్ తప్పక చూడండి. ఏ వాడ నుంచి మొదటి పిల్ల ఏ సంవత్సరం బడికి వచ్చిందో దానికన్నా బాగా చెప్పే కాగితం లేదు. 1961 జనాభా లెక్కలప్పుడు కొన్ని ఊళ్ళను ఎంచి ప్రత్యేకంగా గ్రామ సర్వేలు చేశారు, జాతర్లు తిరునాళ్ళ మీద జిల్లావారీ సంపుటాలు వేశారు. మీ ఊరి తిరునాళ్ళ పేరు అందులో ఉండే అవకాశముంది.

అర్జీ పద్ధతి: రికార్డు రూముకు నకలు కోసం మామూలు దరఖాస్తు ముందు పెట్టండి. కదలకపోతే సమాచార హక్కు. ఆంధ్రలో గ్రామస్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. "ఫలానా పాత తాలూకా, ఫలానా గ్రామం ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు" అని రాయండి.

చివరగా ఒక జాగ్రత్త. ఇనాం రిజిస్టర్ చదివితే, గుడి మాన్యమో చాకలి మాన్యమో ఇప్పుడెవరి ఇంటికిందుందో మీకు తెలిసిపోతుంది. మాన్యాలు ఎన్నెకరాలు, ఎవరిచ్చారు అన్నంతవరకే పుస్తకంలో వేయండి, సర్వే నంబర్లు వేయకండి. చరిత్ర పుస్తకాన్ని ఎవరో ఒకరు కోర్టులో సాక్ష్యంగా పెడతారు, మీ కుర్రాళ్ళు వాయిదాలకి తిరగాల్సి వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్ చేతికొచ్చాక పేరూ తరమూ చదవడం అర్థం కాకపోతే ఒక పేజీ ఫొటో పెట్టండి, పట్టాదారుల పేర్లు మాత్రం కప్పేసి.